మొక్కల మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉండగా బయటి ఆర్‌ఎన్‌ఏతో పనేమిటి?

ప్రశ్న
నాగావళి గట్టు, శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళానికి దగ్గరలో ఒక జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతున్నాను. గత వారం కణాంగాల పాఠంలో మైటోకాండ్రియా దగ్గరికి వచ్చినప్పుడు, దానికి సొంత డీఎన్‌ఏ, సొంత రైబోసోములు ఉన్నాయి కనుక పాక్షిక స్వయంప్రతిపత్తి గల కణాంగం అంటారని ఏటా చెప్పే మాటే ఈసారీ చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. వాళ్ళ నాన్న రబీలో కరీంనగర్ వైపు హైబ్రిడ్ వరి విత్తన క్షేత్రాలలో కూలికి వెళతాడట. అక్కడ ఆడ వరుసలు, మగ వరుసలు విడివిడిగా నాటి, పూత మీదున్నప్పుడు ఇద్దరు మనుషులు చెరోవైపు తాడు పట్టుకుని లాగుతూ మగ వరుసల పుప్పొడిని ఆడ వరుసల మీదికి దులుపుతారట. ఆడ వరుసలకు సొంత పుప్పొడి ఎందుకు లేదని అడిగితే, అక్కడ పని చూసే ఆయన "అది మైటోకాండ్రియాలో ఉన్న తేడా" అన్నాడట. ఇదంతా చెప్పి ఆ అబ్బాయి, "మాస్టారూ, మైటోకాండ్రియా అన్ని కణాల్లోనూ ఉంటుంది కదా, మరి పుప్పొడి ఒక్కటే ఎందుకు చస్తుంది? ఆకు ఎందుకు చావదు?" అని అడిగాడు. రేపు చెబుతానని తప్పించుకున్నాను.

ఆ రాత్రి చదవడం మొదలుపెడితే ఒక సందేహం మూడయింది. మొదటిది, మొక్కల మైటోకాండ్రియా తనకు కావలసిన టీ-ఆర్‌ఎన్‌ఏలలో (ప్రోటీన్ కూర్పుకు అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే చిన్న ఆర్‌ఎన్‌ఏలు) కొన్నింటిని కేంద్రకం నుంచి తెచ్చుకుంటుందని చదివాను. ప్రోటీన్‌కైతే చిరునామా లాంటి ఒక ముక్క మొదట్లో ఉంటుందని, దాన్ని చూసి లోపలికి రానిస్తారని తెలుసు. ఒళ్ళంతా రుణావేశంతో నిండిన ఆర్‌ఎన్‌ఏ రెండు పొరలు దాటి ఎలా వెళుతుంది? రెండవది, డీఎన్‌ఏలో ఒక అక్షరం ఉంటే ఆర్‌ఎన్‌ఏలో మరొకటి ఉంటుందని, దాన్ని సవరణ అంటారని చదివాను. అంటే జన్యువులో ఉన్నది తప్పా? మూడవది ఆ అబ్బాయి ప్రశ్నే. ఈ మూడింటికీ సంబంధం ఉన్నట్టు అనిపిస్తోంది గాని, ముడి ఎక్కడుందో అందడం లేదు. తెలిసినవారు తరగతిలో చెప్పగలిగేటంత వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు.

జవాబు 1
బొబ్బర్ల చేను, విజయనగరం

మాస్టారూ, నేను డిగ్రీ కళాశాలలో చాలా ఏళ్ళు ఇదే పాఠం చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. "పాక్షిక స్వయంప్రతిపత్తి" అనే మాటను నేనూ పరీక్ష కోసం చెప్పాను గాని, అది నాకెప్పుడూ రుచించలేదు. దానిని విన్న పిల్లవాడికి మైటోకాండ్రియా సగం పని తాను చేసుకుని, మిగతా సగానికి కేంద్రకం దగ్గరికి వెళుతుందనే ఊహ కలుగుతుంది. పని అలా సగం సగంగా విడిపోలేదు. ఒక్కొక్క పనిలోనూ ఇద్దరి చెయ్యీ ఉంది.

లెక్క చూడండి. మనిషి మైటోకాండ్రియా డీఎన్‌ఏ పొడవు 16,569 క్షారజంటలు, అందులో 37 జన్యువులు. ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మైటోకాండ్రియా డీఎన్‌ఏ క్రమాన్ని 1997లో ప్రచురించినప్పుడు దాని పొడవు సుమారు 3,67,000 క్షారజంటలని తేలింది. మనిషికంటే ఇరవై రెట్లకు పైమాటే. సైలీన్ కోనికా అనే మొక్కలోనైతే అది కోటి దాటిపోయింది. ఇంత ఉండి కూడా అరబిడాప్సిస్ మైటోకాండ్రియా సొంతంగా తయారు చేసే ప్రోటీన్లు ముప్పై పైచిలుకే. పెరడు ఎకరాలకు ఎకరాలు, ఇల్లు మాత్రం రెండు గదులు. మైటోకాండ్రియాలో పనిచేసే ప్రోటీన్లు వెయ్యికి పైగా ఉంటాయి కాబట్టి, మిగతావన్నీ కేంద్రకపు జన్యువుల నుంచి, కణద్రవ్యంలోని రైబోసోముల మీద తయారై, బయటి పొరలోని టామ్, లోపలి పొరలోని టిమ్ అనే ద్వారాల గుండా లోపలికి రావలసిందే. వచ్చాక ఆ చిరునామా ముక్కను కోసివేసే ఎంజైమ్ మొక్కలలో శ్వాసక్రియ గొలుసులోని మూడవ సంక్లిష్టంలోనే భాగంగా ఉంటుంది. అంటే ఎలక్ట్రాన్లను అందించే యంత్రమే కత్తెర పనీ చేస్తుందన్నమాట. మైటోకాండ్రియా సొంతమని మనం గొప్పగా చెప్పే రైబోసోమునే తీసుకోండి. దాని ఆర్‌ఎన్‌ఏ లోపలిది, దాని ప్రోటీన్లలో ఎక్కువ భాగం బయటివి.

ఇక సవరణ సంగతి. దాని చరిత్ర తెలిస్తే మీ రెండవ సందేహం దానంతటదే తీరుతుంది. 1981లో మొక్కజొన్న మైటోకాండ్రియాలో, శ్వాసక్రియ ఎంజైమ్ ఒకదాని భాగాన్ని ఇచ్చే కాక్స్-2 జన్యువును చదివినవారికి ఒక వింత కనిపించింది. ఇతర జీవులలో అదే ప్రోటీన్‌లో ట్రిప్టోఫాన్ ఉండే కొన్ని చోట్ల, ఈ జన్యువులో ఆర్జినిన్‌ను సూచించే సీజీజీ ఉంది. మొక్కల మైటోకాండ్రియా వేరే సంకేతలిపి వాడుతోందని, ఇక్కడ సీజీజీ అంటే ట్రిప్టోఫానేనని అప్పట్లో సర్దిచెప్పుకున్నారు. అది ఎనిమిదేళ్ళు నిలిచింది. 1989లో మూడు బృందాలు, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఒకటి, జర్మనీలోని బెర్లిన్‌లో ఒకటి, కెనడాలోని హాలిఫాక్స్‌లో ఒకటి, దేనికది విడిగా ఆర్‌ఎన్‌ఏను చదివి చూస్తే, అక్కడ సీజీజీ లేదు, యూజీజీ ఉంది. యూజీజీ ఎక్కడైనా ట్రిప్టోఫానే. సంకేతలిపి మారలేదు, ఆర్‌ఎన్‌ఏ తయారయ్యాక అందులోని సైటోసిన్ యురాసిల్‌గా మారుతోంది. అరబిడాప్సిస్‌లో ప్రోటీన్లను సూచించే ఆర్‌ఎన్‌ఏ భాగాలలోనే ఇలాంటి చోట్లు 441 ఉన్నాయని 1999లో లెక్కించారు, తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది. నేల మీది మొక్కలన్నిటిలోనూ ఇది జరుగుతుంది.

కాబట్టి జన్యువులో ఉన్నది తప్పా అంటే, తప్పే. ఎప్పటికప్పుడు దిద్దేవాడు పక్కనే ఉన్నాడు గనుక ఆ తప్పు అలాగే నిలిచిపోయింది. పత్రం రాసేవాడు అచ్చుతప్పులు చేసినా, దిద్దేవాడు ఒక్కటీ వదలకపోతే, రాసేవాడి చేతివాటం ఎన్నటికీ మారదు కదా.

నా పేరు చూసి నవ్వుకునేవారి కోసం బొబ్బర్ల సంగతి కూడా చెబుతాను. పూల మొక్కలలో కాక్స్-2 జన్యువు సాధారణంగా మైటోకాండ్రియాలో ఉంటుంది. మన బొబ్బర్లలో అది అక్కడ లేదు, కేంద్రకంలో ఉంది. 1991లో ఆ కేంద్రకపు ప్రతిని చదివినప్పుడు, అది ఇతర మొక్కల మైటోకాండ్రియా డీఎన్‌ఏను పోలి లేదు, సవరణ పూర్తయిన ఆర్‌ఎన్‌ఏను పోలి ఉంది. అంటే ఆ జన్యువు ఎప్పుడో దిద్దిన ఆర్‌ఎన్‌ఏ రూపంలో బయటికి వచ్చి, తిరిగి డీఎన్‌ఏగా మారి, కేంద్రకంలో స్థిరపడింది. దిద్దిన ప్రతి నుంచి వచ్చింది గనుక కేంద్రకంలో దానికి దిద్దుబాటు అక్కరలేదు. మెట్ట చేలో పిల్లలు కోసుకుని నమిలే బొబ్బరికాయలో ఇంత కథ ఉందని నాకు యాభై ఏళ్ళు దాటాక తెలిసింది.

టీ-ఆర్‌ఎన్‌ఏ గురించి, పుప్పొడి గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు.

జవాబు 2
పెసర మొలక

పెద్దవారు చెప్పినదానిలో ఒక చిన్న దిద్దుబాటుతో మొదలుపెడుతున్నాను, అన్యథా భావించవద్దు మాస్టారూ. నేల మీది మొక్కలన్నిటిలోనూ సవరణ లేదు. తడి గోడల మీద పెరిగే మార్కాన్షియా పాలిమార్ఫాలో అది పూర్తిగా పోయింది. ఫిస్కోమిట్రెల్లా అనే నాచులో మైటోకాండ్రియా మొత్తానికి 11 చోట్లే ఉన్నాయి. సెలాజినెల్లాలో రెండు వేలు దాటాయి. అంటే సవరణ కొన్ని మొక్కలలో పోగలిగిన అలవాటే.

మాది చీపురుపల్లి వైపు. ఊరు విడిచి చాలా కాలమైంది, పరిశోధనశాలలో నా పని మొక్కల నుంచి మైటోకాండ్రియాను వేరుచేయడంతోనే మొదలైంది. ఈ పనికి చాలాచోట్ల వాడేవి పెసర మొలకలు, బంగాళాదుంపలు, కాలీఫ్లవర్. ఆకుపచ్చ భాగమైతే హరితరేణువులు అడ్డుపడతాయి గనుక, చీకట్లో మొలకెత్తించిన తెల్లని పెసర కాడలు హాయి. నాగావళి గట్టు గారూ, మీ మొదటి సందేహానికి జవాబు ఈ వేరుచేసే పద్ధతిలోనే ఉంది, అందుకే దాని గురించి కొంచెం నిలబడి చెబుతాను.

మైటోకాండ్రియాను శుద్ధి చేసి, అందులో కేంద్రకపు టీ-ఆర్‌ఎన్‌ఏ కనిపించిందని ఎవరైనా అంటే, మొదట అడగవలసిన మాట, "అది లోపల ఉందా, పైన అంటుకుని ఉందా?" అని. కణాన్ని నూరినప్పుడు కణద్రవ్యంలోని టీ-ఆర్‌ఎన్‌ఏ అన్నిటికీ అంటుకుంటుంది. అందుకని పొర చెడకుండా ఉన్న మైటోకాండ్రియా మీద ఆర్‌ఎన్‌ఏను నరికే ఎంజైమ్‌ను వదులుతారు. పైనున్నది నశిస్తుంది, పొర చాటున ఉన్నది మిగులుతుంది. చిక్కుడు జాతిలోని ఫ్రెంచి బీన్స్‌లో ఇలా చూసి, కేంద్రకపు ల్యూసిన్ టీ-ఆర్‌ఎన్‌ఏ నిజంగా లోపల ఉందని 1988లో స్ట్రాస్‌బర్గ్ బృందం చూపింది. ఆ తర్వాత బీన్స్ జన్యువును బంగాళాదుంప మొక్క కేంద్రకంలో పెట్టి, ఆ టీ-ఆర్‌ఎన్‌ఏ బంగాళాదుంప మైటోకాండ్రియాలో తేలడం 1992లో చూపాక ఇక సందేహానికి తావు లేకపోయింది.

బంగాళాదుంపలో లెక్క చూస్తే పంపకం ఎంత విచిత్రమో తెలుస్తుంది. అక్కడి మైటోకాండ్రియాలో గుర్తించిన 31 టీ-ఆర్‌ఎన్‌ఏలలో 15 మాత్రమే అనాదిగా దాని సొంతం. 5 ఒకప్పుడు హరితరేణువు నుంచి మైటోకాండ్రియా డీఎన్‌ఏలోకి వచ్చి చేరినవి. మిగతా 11 ఇప్పటికీ కేంద్రకం నుంచి రోజూ దిగుమతి అవుతున్నవి. సొంత మడి ధాన్యం కొంత, ఎప్పుడో వియ్యంకులు ఇచ్చిన విత్తు నుంచి పండించేది కొంత, సంతలో కొనేది కొంత అన్నట్టు ఉంటుంది ఆ వంటిల్లు.

ఇక పొర దాటడం. బయటి పొరలో వీడాక్ అనే ప్రోటీన్ గొట్టంలా నిలిచి చిన్న అణువులను రాకపోకలు చేయనిస్తుంది. దాని పేరులోనే రుణావేశ అయాన్ల ద్వారం అని ఉంది, కనుక రుణావేశం గల ఆర్‌ఎన్‌ఏకు అది పరాయి తలుపు కాదు. 2006లో బంగాళాదుంప మైటోకాండ్రియాతో చేసిన ప్రయోగాలలో, వీడాక్‌ను ప్రతిరక్షకాలతో మూస్తే టీ-ఆర్‌ఎన్‌ఏ ప్రవేశం తగ్గిపోయింది. పై జవాబులో వచ్చిన టామ్ ద్వారంలోని టామ్-20, టామ్-40 ప్రోటీన్లు కూడా ఇందులో ఉన్నాయి గాని, టీ-ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని నిలపడమే వాటి పనిగా కనిపించింది, గొట్టంగా మారి దాటించడం కాదు. లోపలికి వెళ్ళడానికి ఏటీపీ కూడా ఖర్చవుతుంది.

అయితే ఏది వెళ్ళాలో ఎవరు ఎంచుతున్నారు? ఇక్కడ ప్రోటీన్లు వస్తాయి. 1996లో అలనిన్ టీ-ఆర్‌ఎన్‌ఏలో 70వ స్థానంలోని యురాసిల్‌ను సైటోసిన్‌గా మార్చి మొక్కలో పెట్టారు. ఆ ఒక్క అక్షరం మారేసరికి దానికి అలనిన్ తగిలించే ఎంజైమ్ దాన్ని గుర్తించలేదు, మైటోకాండ్రియాలోకీ అది వెళ్ళలేదు. అలనిన్ తగిలించే ఆ ఎంజైమ్‌ను కూడా ఒకే కేంద్రక జన్యువు కణద్రవ్యానికీ మైటోకాండ్రియాకూ సరఫరా చేస్తుంది. కాబట్టి టీ-ఆర్‌ఎన్‌ఏ ప్రయాణం దాని ఎంజైమ్ గుర్తింపుతో ముడిపడి ఉందని చెప్పవచ్చు. ఇది అన్ని టీ-ఆర్‌ఎన్‌ఏలకూ సరిపోయే ఒకే సూత్రమని మాత్రం తరగతిలో చెప్పవద్దు. తక్కిన వాటికి వేరే గుర్తులు కూడా కావలసి వచ్చాయి.

సవరణ విషయంలో పెద్దవారు దిద్దేవాడు ఉన్నాడని చెప్పారు, ఆ దిద్దేవాడి పేరు చెబుతాను. పీపీఆర్ ప్రోటీన్లు. సుమారు 35 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి పూసల దండలా మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రోటీన్ ఇది. 2000లో ఈ కుటుంబాన్ని గుర్తించారు. మనిషిలో ఇవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, అరబిడాప్సిస్‌లో దాదాపు 450. అన్నీ కేంద్రకంలో రాసి ఉన్నవే, దాదాపు అన్నీ పనిచేసేది మైటోకాండ్రియాలోనో హరితరేణువులోనో. ఒక్కొక్క పూస ఆర్‌ఎన్‌ఏలో ఒక్కొక్క అక్షరాన్ని పట్టుకుంటుంది, పూసలోని రెండు ప్రత్యేక స్థానాలలో ఉన్న అమైనో ఆమ్లాలను బట్టి అది ఏ అక్షరమో నిర్ణయమవుతుందని 2012లో తేలింది. అంటే దండను చూసి అది ఏ ఆర్‌ఎన్‌ఏ వాక్యం మీద వాలుతుందో చాలావరకు ఊహించవచ్చు. కొన్ని దండల చివర డీవైడబ్ల్యూ అనే భాగం ఉంటుంది, సైటోసిన్‌ను యురాసిల్‌గా మార్చే చెయ్యి అదే. నాచు నుంచి తీసిన అలాంటి ప్రోటీన్‌ను 2019లో ఈ.కోలై బ్యాక్టీరియాలో పెడితే అక్కడ కూడా సవరణ చేసింది, మరో మొక్క ప్రోటీన్ తోడు లేకుండానే.

పీపీఆర్‌లు దిద్దడంతో ఆగవు. ఆర్‌ఎన్‌ఏ చివరలు నశించకుండా కాపలా కాయడం, అక్కరలేని భాగాన్ని కోయడం, మధ్యలో అడ్డుగా ఉండే ఇంట్రాన్లు అనే ముక్కలను తీసివేయడానికి సాయపడడం, అన్నిటిలో ఇవే. శ్వాసక్రియ గొలుసులోని ప్రోటీన్లను ఇచ్చే ఎన్ఏడీ-1, ఎన్ఏడీ-2, ఎన్ఏడీ-5 జన్యువులైతే పూల మొక్కల మైటోకాండ్రియాలో ముక్కలై దూరదూరంగా పడి ఉన్నాయి. ఒక్కొక్క ముక్క విడిగా ఆర్‌ఎన్‌ఏగా మారి, ఆ ఆర్‌ఎన్‌ఏలు ఒకదానినొకటి వెతుక్కుని అతుక్కోవాలి. కేంద్రకం నుంచి వచ్చిన ప్రోటీన్లు లేనిదే అది కుదరదు. నాకు అన్నిటికంటే నచ్చినది ఆర్‌ఎన్‌ఏజ్-పీ కథ. టీ-ఆర్‌ఎన్‌ఏ ముందు భాగాన్ని కత్తిరించే ఈ ఎంజైమ్‌లో కోసే పని చేసేది ఆర్‌ఎన్‌ఏ భాగమేనని చూపినందుకు సిడ్నీ ఆల్ట్‌మన్‌కు 1989లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. అరబిడాప్సిస్ మైటోకాండ్రియాలో ఆ పని చేసేదానిలో ఆర్‌ఎన్‌ఏ ఊసే లేదని, అది పీపీఆర్ పూసలు గల ఒంటరి ప్రోటీన్ అని 2010లో తేలింది.

జవాబు 3
రాగోలు మడి

నేను నైరా వ్యవసాయ కళాశాలలో చదివాను, ఇప్పుడు విత్తన రంగంలో ఉన్నాను. పై ఇద్దరూ వేసిన బాట మీద ఇక ఆ అబ్బాయి ప్రశ్నకు రావచ్చు.

హైబ్రిడ్ వరిలో ఆడ వరుసను మేము ఏ-లైన్ అంటాము, దాన్ని నిలబెట్టుకోవడానికి వాడేది బి-లైన్, మగ వరుస ఆర్-లైన్. ఏ-లైన్‌లో ఎక్కువగా వాడుతున్నది డబ్ల్యూఏ అనే కణద్రవ్యం (మా వాడుకలో కణద్రవ్యం అంటే తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా రకం). 1970లో చైనాలోని హైనాన్ దీవిలో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి పుప్పొడి చచ్చిన ఒక అడవి వరి మొక్క దొరికింది. దాని సంతతే ఇది. మన దగ్గర 1994లో వచ్చిన ఏపీహెచ్‌ఆర్-1, ఏపీహెచ్‌ఆర్-2 మొదలుకొని హైబ్రిడ్ వరి దాదాపు అంతా ఈ ఏ, బి, ఆర్ పద్ధతి మీదే నడిచింది.

ఆ మైటోకాండ్రియాలో ఉన్న తేడా ఏమిటంటే, మొదటి జవాబులో చెప్పిన ఎకరాల పెరడులో డీఎన్‌ఏ ముక్కలు తెగి, అటూ ఇటూ అతికి, అంతకుముందు లేని కొత్త జన్యువు ఒకటి పుట్టింది. దాని పేరు డబ్ల్యూఏ352. ఈ జన్యువు ఇచ్చే ప్రోటీన్ కేంద్రకం నుంచి వచ్చే కాక్స్-11 అనే ప్రోటీన్‌ను పట్టుకుని, పెరాక్సైడ్‌ను అదుపులో ఉంచే దాని పనికి అడ్డుపడుతుందని 2013లో చైనా శాస్త్రవేత్తలు చూపారు. పరాగకోశం లోపలి గోడలో పుప్పొడికి పాలిచ్చే తల్లి లాంటి టపెటమ్ పొర ఉంటుంది కదా, అది మామూలుగా కూడా చనిపోయేదే, కాని పుప్పొడి ఎదిగాక. ఇక్కడ ముందే చనిపోతుంది. తల్లి పోయాక పిల్ల బతకదు.

మరి ఆకు ఎందుకు చావదు? దీనికి రెండు జవాబులు ఉన్నాయి. మొదటిది, ఆ ప్రోటీన్ పోగుపడేది పుప్పొడి తల్లి కణాల దశలో, ప్రధానంగా టపెటమ్‌లో. రెండవది, పరాగకోశానికి శక్తి అవసరం ఎక్కువ. మొక్కజొన్నలో టపెటమ్ కణాల మైటోకాండ్రియా సంఖ్య పుప్పొడి ఏర్పడే కాలంలో 40 రెట్ల వరకు పెరుగుతుందని 1979లోనే లెక్కగట్టారు. అంత పరుగు మీద ఉన్న యంత్రంలో చిన్న లోపమైనా బయటపడుతుంది, నెమ్మదిగా నడిచే ఆకులో అదే లోపం కప్పబడిపోతుంది. ఈ రెండవ జవాబును చాలామంది పూర్తి కారణంగా చెబుతారు. నేను అంత దూరం వెళ్ళను. వేళ్ళ చివరలు కూడా పరుగు మీదే ఉంటాయి, అవి చావడం లేదు కదా.

ఆకు చావదన్న మాట ఎల్లప్పుడూ నిజమూ కాదు. ఆ అబ్బాయికి ఈ కథ తప్పక చెప్పండి. అమెరికాలో మొక్కజొన్న హైబ్రిడ్ విత్తనానికి టెక్సాస్ రకం మైటోకాండ్రియా వాడేవారు. ఆడ వరుసల మగ పూల జల్లును చేతితో తీసే కూలి ఖర్చు తప్పుతుందని అందరూ దానిమీదే పడి, 1970 నాటికి ఆ దేశపు మొక్కజొన్నలో నూటికి 85 వంతుల దాకా అదే కణద్రవ్యం. ఆ మైటోకాండ్రియాలో టీ-యుఆర్‌ఎఫ్13 అనే అతుకుల జన్యువు ఉంది. ఇంతసేపూ ఆర్‌ఎన్‌ఏ గురించి మాట్లాడుకున్నాం కాబట్టి చెబుతున్నాను, అందులోని ముక్కలు చాలావరకు రైబోసోము ఆర్‌ఎన్‌ఏను ఇచ్చే జన్యువు నుంచి, దాని చుట్టుపక్కల నుంచి వచ్చాయి. ప్రోటీన్‌గా ఎన్నడూ చదవబడని రాత ఇక్కడ ప్రోటీన్ అయి కూర్చుంది. ఆ 13 కిలోడాల్టన్ల ప్రోటీన్ మొక్కలో అన్ని భాగాల మైటోకాండ్రియాలోనూ ఉంటుంది, అయినా ఆకు పచ్చగానే ఉండేది. 1970లో ఆకుమాడు తెగులు కలిగించే ఒక శిలీంధ్రపు కొత్త రకం వచ్చింది. దాని విషం ఈ ప్రోటీన్‌ను తాకగానే లోపలి పొరలో రంధ్రం తెరుచుకుని మైటోకాండ్రియా ఖాళీ అయిపోయింది. ఆకులు మాడిపోయాయి. ఆ ఒక్క ఏడు ఆ దేశపు మొక్కజొన్న దిగుబడిలో నూటికి 15 వంతుల మేర పోయింది. మెథోమిల్ అనే పురుగుమందుకు కూడా ఆ మొక్కలు ఇలాగే లొంగిపోయేవి. ఆకులో లోపం లేక కాదు, తట్టి లేపేవాడు రాక అది ఊరుకుంది.

ఇక ముడి ఎక్కడుందని అడిగారు కదా, అది ఆర్-లైన్‌లో ఉంది. ఆడ వరుస మీద ఆర్-లైన్ పుప్పొడి పడి పుట్టిన విత్తనంలో మైటోకాండ్రియా తల్లిదే, అంటే చెడ్డదే. అయినా రైతు చేలో ఆ మొక్క గింజ పడుతుంది. తండ్రి నుంచి కేంద్రకంలోకి వచ్చిన ఆర్‌ఎఫ్4 అనే జన్యువు వల్ల అలా జరుగుతుంది. ఆ జన్యువు ఇచ్చేది, పెసర మొలక గారు చెప్పిన పూసల దండల్లో ఒకటి. అది మైటోకాండ్రియాలోకి వెళ్ళి డబ్ల్యూఏ352 ఆర్‌ఎన్‌ఏను తగ్గిస్తుంది. ఆర్‌ఎన్‌ఏ తగ్గితే ప్రోటీన్ తగ్గింది, టపెటమ్ బతికింది, పుప్పొడి నిలిచింది. వరిలోనే పుప్పొడి రాని మరో రకమైన బోరో కణద్రవ్యానికి మందు వేసే, అంటే పుప్పొడిని తిరిగి తెచ్చే, ఆర్‌ఎఫ్1 జన్యువులు పీపీఆర్‌లే, పెటూనియాలో మొదట దొరికిన మందూ పీపీఆరే. అయితే అన్నీ ఇంతే అనుకోవద్దు, టెక్సాస్ మొక్కజొన్నకు కావలసిన రెండు జన్యువులలో ఆర్‌ఎఫ్2 అనేది ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ ఎంజైమ్, దానికి ఆర్‌ఎన్‌ఏతో పనే లేదు.

జవాబు 4
గంటి అంబలి, సాలూరు

నేను శాస్త్రం చదవలేదు, వ్యవసాయం చేస్తాను. హైబ్రిడ్ వరి గింజ మళ్ళీ విత్తనంగా వేయవద్దని దుకాణంలో చెబుతారు. అది వాళ్ళ వ్యాపారం కోసమేనని మా వైపు అనుకుంటాము. మీరు చెప్పినదాన్ని బట్టి ఇందులో నిజంగా కారణం ఏమైనా ఉందా అండీ?

రాగోలు మడి:
వ్యాపారం ఉంది, కారణమూ ఉంది అండీ. మీ చేలో ప్రతి మొక్కలోనూ చెడ్డ మైటోకాండ్రియా ఉంది, దాన్ని అణిచే జన్యువు మాత్రం ఒక్క ప్రతే ఉంది. ఆ గింజలు మళ్ళీ నాటితే, అణిచే జన్యువు ఒక్కటే అనుకుని లెక్క వేసినా నాలుగింట ఒక మొక్కకు అది అందదు. ఆ మొక్కకు సొంత పుప్పొడి లేక చాలావరకు తాలు గింజలే వస్తాయి. ఇక ఎత్తు, కోతకాలం కలగాపులగం కావడం వేరే సంగతి. సాధారణ రకాలకు ఈ బాధ లేదు, మీ సొంత విత్తనం నిక్షేపంగా దాచుకోవచ్చు.

నాగావళి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. ఇంత గొడవకు కారణమైన జన్యువు తెలిసినప్పుడు, కేంద్రకం నుంచి అణచడం ఎందుకు, దాన్నే నేరుగా తీసివేయలేరా?

పెసర మొలక:
తీసివేశారు మాస్టారూ, 2019లో జపాన్‌లో. ఇప్పుడు అందరూ చెప్పుకునే క్రిస్పర్‌కు దారి చూపే ఆర్‌ఎన్‌ఏ కావాలి, దాన్ని మైటోకాండ్రియాలోకి పంపడమే కష్టం. అందుకని డీఎన్‌ఏను గుర్తించి కోసే టాలెన్ అనే, ప్రోటీన్ మాత్రమే ఉండే కత్తెరను తీసుకుని, దానికి మైటోకాండ్రియా చిరునామా ముక్క తగిలించి, జన్యువును కేంద్రకంలోనే పెట్టారు. కణద్రవ్యంలో తయారైన కత్తెర మామూలు ప్రోటీన్లు వెళ్ళే ద్వారం గుండానే లోపలికి వెళ్ళి, పుప్పొడి రాకుండా చేసే జన్యువులను, అంటే బోరో రకం వరిలోని ఓఆర్‌ఎఫ్79ని, ఆవజాతి రేప్‌లోని ఓఆర్‌ఎఫ్125ని తెంచింది. ఆ మొక్కలకు పుప్పొడి తిరిగి వచ్చింది. అయితే తెగిన చోట చివరలు ఉన్నవి ఉన్నట్టు అతుక్కోలేదు. దూరంగా ఉన్న పోలిక గల మరో ముక్కను వెతికి పట్టుకుని మైటోకాండ్రియా డీఎన్‌ఏ కొత్త వరుసలో అతికింది. మొదట ఆ చెడ్డ జన్యువులను పుట్టించింది కూడా ఇలాంటి అతుకులేనని గుర్తుంచుకోండి.

బొబ్బర్ల చేను:
మార్కాన్షియా విషయంలో దిద్దుబాటు అంగీకరిస్తున్నాను అమ్మా. అందులో మైటోకాండ్రియా డీఎన్‌ఏ క్రమం 1992లోనే చదివారని తెలిసీ, సవరణ లేదన్న మాట మరచిపోయాను.

రాగోలు మడి:
నాగావళి గట్టు గారూ, తరగతిలో చూపించడానికి ఒక పని చేయవచ్చు. వరి పూత మీద ఉన్నప్పుడు ఉదయం తొమ్మిది దాటకముందే, ఆ రోజు విచ్చుకోబోయే కంకి పై భాగపు గింజలను తెచ్చి, పరాగకోశాలను సూదితో విడదీసి, గాజు పలక మీద అయోడిన్-పొటాషియం అయొడైడ్ ద్రావణం ఒక చుక్క వేసి చిదిమి సూక్ష్మదర్శినిలో చూపండి. మంచి పుప్పొడి గుండ్రంగా, పిండిపదార్థంతో నిండి, నల్లగా రంగెక్కుతుంది. డబ్ల్యూఏ ఆడ వరుసలోనిదైతే ముడుచుకుని, రంగు ఎక్కకుండా పసుపుపచ్చగా ఉండిపోతుంది. ఆడ వరుస కంకి మీకు దొరకడం కష్టం, విత్తన క్షేత్రంలోంచి ఎవరినీ పట్టుకెళ్ళనివ్వరు. కాని ఆ అబ్బాయి తండ్రి ఈసారి వెళ్ళినప్పుడు పరాగకోశాలను కంటితో చూసి రమ్మని చెప్పండి. మగ వరుసలో అవి బొద్దుగా పసుపుపచ్చగా వేలాడతాయి, ఆడ వరుసలో సన్నగా, తెల్లగా, వంగిపోయి ఉంటాయి. తాడు లాగే మనిషికి ఆ తేడా మనకంటే ముందే తెలిసి ఉంటుంది.